విశాఖ నగరసభలో 74 వోట్లు

విశాఖపట్టణ మహానగరపాలక సంఘమువారు 2025 ఏప్రిలు 19వ తేదీన ప్రత్యేక సమావేశము జరిపి, తమ మేయరగు శ్రీమతి గొలగాని హరి వెంకటకుమారిపై నవిశ్వాస తీర్మానమును నెగ్గించిరి. కార్పొరేటర్లును, హోదారీత్యా సభ్యులైన శాసనసభ్యులు మున్నగువారును గూడి వోటుహక్కు గలవారు 111 మంది. అందు మూడింట రెండుపాళ్లు 74. తీర్మానమునకు లభించిన వోట్లును 74. ఒక్క వోటు తగ్గినచో తీర్మానము వీగిపోయెడిది. వై.యస్.ఆర్. కాంగ్రెసు పక్షమువారు సభకే రాలేదు. వారము దినములకు డిప్యూటీ మేయరును నదే త్రోవ పట్టిరి. 28వ తేదీన తెలుగుదేశము పక్షమునకు జెందిన శ్రీ పీలా శ్రీనివాసరావు మేయరుగ నెన్నికైరి.

చట్టమునుబట్టి చూచినచో దీనిని తప్పుపట్టుటకు వీలులేదు. మేయరు పదవి స్వీకరించి నాలుగేండ్లు గడచువఱకు నవిశ్వాసమును ప్రతిపాదింపరాదని నిబంధన. ఆమె యెన్నికైనది 2021 మార్చి 18న. నాలుగేండ్లు నిండీనిండకమునుపే నోటీసు సిద్ధమయ్యెను. అది వారి హక్కు. లెక్క సరిపోయినది, అదియును వారి సామర్థ్యమే. మేమడుగునది వేఱొక ప్రశ్న. ఈ 74 వోట్లును ఎవరివి?

2021 మార్చిలో విశాఖ పౌరులు 98 వార్డులకు ప్రతినిధులను ఎన్నుకొనిరి. అందు 58 స్థానములు వై.యస్.ఆర్. కాంగ్రెసునకును, 30 తెలుగుదేశమునకును దక్కినవి. జనసేనకు 3, భారతీయ జనతాపక్షమునకు 1, కమ్యూనిస్టు పక్షములు రెంటికి చెరియొకటి, స్వతంత్రులకు 4. అనగా నేటి కూటమి పక్షములు మూడును గలసి నాడు గెల్చినవి 34. ఏప్రిలు 19న తీర్మానమునకు వోటు చేసినవారిలో కార్పొరేటర్లు 63 మంది. స్వతంత్రులను కమ్యూనిస్టులను అందఱను ఈ ప్రక్కనే చేర్చి లెక్కించినను, ఇరువదిమందికి పైగా సభ్యులు 2021లో ఏ గుర్తుపై గెల్చిరో ఆ గుర్తునకు వ్యతిరేకముగ వోటు చేసిరని తేలుచున్నది. ఇందుకు వా రే వార్డు పౌరులను సంప్రదించిరి?

ప్రజాభిప్రాయము 2024 జూనునాటికే మాఱినదనియు, రాష్ట్రమున 175 శాసనసభా స్థానములలో 164 కూటమికి దక్కగా, విశాఖలో నొక్కటియైన నెదుటిపక్షమునకు దక్కలేదనియు కొందఱు వాదింతురు. ఈ వాదమున బలము లేకపోలేదు. అయితే శాసనసభకు వేసిన వోటు వీధికాలువకు వేసిన వోటు కాదు. పౌరుల మనసు మాఱినదని సభ్యులకు నిజముగ తోచినచో రాజీనామా చేసి మరల వారియొద్దకే పోవలసినది. వార్డు ఉపయెన్నిక యెంతటి ఘనకార్యము? ఇందుకు బదులు కార్పొరేటర్లను ఒక పక్షమువారు మలేషియాకును, మఱియొక పక్షమువారు శ్రీలంకకును తరలించిరని పత్రికలలో వార్తలు వెలువడినవి. విశాఖ ప్రతినిధికి విశాఖ సముద్రతీరము చాలకపోయెను కాబోలు!

ఈ మార్పు ఏప్రిలులోనే పుట్టినదికాదు. 2024 ఆగష్టులో స్థాయీసంఘమున 10 స్థానములకు ఎన్నిక జరిగినపుడు, నగరసభలో వై.యస్.ఆర్. కాంగ్రెసువారే అధికసంఖ్యాకులై గెల్చియుండియు, పదింటిని కూటమివారే గైకొనిరి. ఖర్చుల మంజూరు స్థాయీసంఘము చేతిలోనిది. నాటినుండి మేయరు గద్దెపై నుండియు పెట్టెతాళము పోగొట్టుకొన్న యజమానురాలివలె నుండెను. ఆ దినముననే ఓడిన పక్షమువారు తమ సభ్యులను పిలిచి కారణమడిగియుండినచో కొంత మేలు జరిగియుండెడిది.

ఓడినవారిపై జాలిపడుటకు మాకంతగా కారణము గానరాదు. 2019లో తెలుగుదేశము పక్షమున విశాఖ దక్షిణ నియోజకవర్గమున గెల్చిన శాసనసభ్యుడు మరుసటియేడే నాటి అధికారపక్షమున చేరినపుడు, ఫిరాయింపు వారికి దోషముగ తోచలేదు. ఏప్రిలు 19న సభకు పోయి, నాలుగేండ్లలో తామేమి చేసిరో, ఎదుటివారి యారోపణలలో నిజమెంతో లేచి చెప్పవలసినది. సభ్యులు రాకున్న లెక్క తగ్గునని ఆశించి వారు దూరముగ నుండిరి. నగరసభలో నవిశ్వాసము వచ్చినపుడైన పాలనపై చర్చ జరుగకున్న మఱెప్పుడు జరుగును? గెల్చినవారి యైకమత్యమును నంతంతమాత్రమే. డిప్యూటీ మేయరు పదవి జనసేనకు పోవుచుండగా, మే 19న జరుగవలసిన యెన్నిక కోరము లేక మరునాటికి వాయిదా పడినది.

తీర్మానమునకు వోటు చేసిన తక్కిన 11 మంది హోదారీత్యా సభ్యులు. రాజ్యాంగము 243ఆర్ అధికరణము శాసనసభ్యులకును పార్లమెంటు సభ్యులకును నగరసభలో స్థానము కల్పించుటకు రాష్ట్ర శాసనసభలకు వీలొసగినది. ప్రత్యేకానుభవముచే నియమితులగువారికిమాత్రము వోటుహక్కు లేదని అదే యధికరణము చెప్పుచున్నది. పురపాలనలో నారితేరినవానికి వోటు లేదు. రాజధానిలో చట్టములు చేయుటకు పంపబడినవానికి కలదు. వీరు సభలో కూర్చుండి సలహా చెప్పుట మంచిదే. 74కు ఒక్కటి తగ్గినను మేయరు నిలిచెడి తరుణమున 11 వోట్లు వీరివే యగుట వార్డు వోటును చులుకన చేయుటయని మా తలంపు.

ఈ నగరసభ యెట్టి కఱవు తరువాత వచ్చినదో పాఠకులకు జ్ఞప్తి చేయవలసియున్నది. 2012 ఫిబ్రవరిలో నాటి సభ గడువు తీరినది. తరువాతి యెన్నిక 2021 మార్చివఱకు లేదు. తొమ్మిదేండ్లు! గడువు తీరకముందే క్రొత్త యెన్నిక ముగియవలెనని రాజ్యాంగమున స్పష్టముగ నున్నను, ఉమ్మడి రాష్ట్రమునను తరువాతను వచ్చిన ప్రభుత్వములేవియు దానిని లెక్కచేయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరమును కూల్చినపుడు ఏ వార్డునందును ప్రజలెన్నుకొన్న సభ్యుడొక్కడైన లేడు. 2020 మే 7న వేంకటాపురమున ఎల్జీ పాలిమర్సు విషవాయువుచే 12 మంది మృతినొందినపుడును లేడు. అట్లు తొమ్మిదేండ్లు వేచి తెచ్చుకొన్న సభకు ఐదేండ్ల గడువు 2026 మార్చివఱకే. అందొక యేడు పదవుల పంపకమున కరగినది. క్రొత్త మేయరునకు మిగిలినది పదునొకండు నెలలైన నిండని కాలము.

ఇంతకును ఆ గద్దెకు గల యధికారమెంత? ఇంటిపన్నును అద్దెనుబట్టి గాక ఆస్తివిలువనుబట్టి వేయు పద్ధతి 2020లో శాసనసభ చేసిన చట్టముచే వచ్చినది. చెత్తపన్నును ఒక ప్రభుత్వము వేసినది, 2024 చివర మఱియొక ప్రభుత్వము తీసివేసినది. రెండింటను నగరసభది తుదిమాట కాలేదు. కమిషనరును పంపునది ప్రభుత్వమే. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి నీరు ఏ వార్డునకు ఎన్ని గంటలు వచ్చునో, కాపులుప్పాడ చెత్తకుప్ప యేమగునో విచారింపవలసిన సభ్యులు, ఉన్న కొద్దిపాటి యధికారమును తమ తలలు లెక్కించుటకే వినియోగించిరి.

లోగడ మేయరును పౌరులే నేరుగ నెన్నుకొను పద్ధతి యీ రాష్ట్రమున నుండెను. 1995లో శ్రీ సబ్బం హరి విశాఖకు మేయరైనది అట్లే. తరువాత చట్టము సవరించి ఆ హక్కును సభ్యుల కొసగిరి. దానిని మరల పౌరులకే యిచ్చుట మేలని మేము తలంచుచున్నాము. అది కాదందురేని, ఒక గుర్తుపై గెల్చి మఱియొక పక్షమునకు వోటు చేయు కార్పొరేటరు వెంటనే స్థానము వదలి, తన వార్డుననే మరల నిలువవలెనని చట్టము చేయుడు. శాసనసభలో 164 స్థానములు గల కూటమికి అట్టి బిల్లును నెగ్గించుట యొక్క దినము పని. 58 మందిని గెల్పించుకొని నిలుపుకొనలేకపోయిన పక్షమువారు దానిని కాదనరనియే మా నమ్మకము.