కన్నమదాసు ఇంగ్లీషులో మాట్లాడితే?

యూరప్‌లో ఫీట్స్ అని ఇంగ్లీషు నాటకాల పండగ ఉంది. 1976లో హేగ్‌లో మొదలైంది. ఆడేది సినిమావాళ్ళు కాదు, నాటకం మీద ఇష్టంతో వచ్చే మామూలు మనుషులు. చిన్న నాటకం ఆడతారు, న్యాయనిర్ణేత అందరి ముందే తప్పొప్పులు చెబుతాడు.

ఆ పండగ అక్కడి బృందాలదే. కానీ ఆ పద్ధతి మనం దాచేపల్లికి తెచ్చుకోలేమా? కారెంపూడి వీరుల కథలో మాల కన్నమదాసు సేనాని. చాపకూడులో అందరిదీ ఒకే బంతి. ఆ కథ చెప్పుకునే గడ్డ మీదే మనకి రెండో గ్లాసు పెట్టారు. ఈ మాట మన పిల్లలు లోకానికి వాళ్ళ నోటితోనే చెప్పాలి.

తెలుగు మానమనటం లేదు. ఇంగ్లీషూ మనదే అంటున్నాం. అంబేడ్కర్ 1913లో కొలంబియాకి చదువుకే వెళ్ళాడు.

మిరపకోతలకి బడి మానే పిల్లల్ని పిలవండి. ఈ వేసవే బడి అరుగు మీద మొదలెడదాం.