తీగ కొసన ఉండవలసిన మూత

కాలువలో పుట్టిన అల మూసి ఉన్న లాకు తలుపును తాకి వెనుదిరుగుతుంది. తీగలో ప్రయాణించే విద్యుత్ సంకేతానిదీ అదే స్వభావము. ఈ సూత్రమును మేము పుస్తకములలో చదివి నేర్చుకొన్నదానికంటె, ఒక నెలాఖరున జీతాల బిల్లుల ముందు కూర్చుని నేర్చుకొన్నదే ఎక్కువ.

ఆ రోజులలో మా కార్యాలయపు కంప్యూటర్లన్నియు ఒకే సన్నని కోయాక్సియల్ కేబుల్‌కు వరుసగా తగిలించి ఉండేవి. ఆ పద్ధతికి 10బేస్2 అని పేరు. వేగము సెకనుకు 10 మెగాబిట్లు. ఒక్కొక్క ఖండము 185 మీటర్లకు, అందలి యంత్రములు 30కి మించరాదని నియమము. ఆనాటి ఉదయము యంత్రములన్నియు ఒక్కసారిగా మూగవోయినవి. ముందురోజు చివరగా పనిచేసిన యువ ఆపరేటరే ఏదో చెడగొట్టినాడని అందరమూ నిర్ణయించుకొన్నాము. సంజాయిషీ కోరుతూ మెమో కూడ సిద్ధమైనది. మధ్యాహ్నము కేబుల్ వెంట నడచి చూడగా, గది చివరి బల్లను జరిపినప్పుడు ఎవరో టి-కనెక్టరు నుండి ఊడదీసిన చిన్న లోహపు మూత సొరుగులో కనబడినది. దానిని బిగించగానే పని సాగినది. మెమోను చించివేసి, ఆ యువకునికి క్షమాపణ చెప్పుకొన్నాము.

ఆ మూతలో ఉన్నది 50 ఓముల నిరోధకము. కేబుల్ స్వాభావిక అవరోధము కూడ 50 ఓములే. రెండూ సమానమైనప్పుడు సంకేతశక్తి ఆ నిరోధకములో వేడిగా మారి అణగిపోతుంది. కొస తెరచి ఉంటే సంకేతము యథాతథముగా, షార్టయితే తలక్రిందులై, వెనుకకు వస్తుంది. ఆ తీగలో సంకేతము నానోసెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు పోతుంది. ఒక బిట్టుకు పట్టు కాలము 100 నానోసెకన్లు. కనుక 185 మీటర్లు పోయి తిరిగి వచ్చేసరికి సుమారు 18 బిట్లు గడచిపోతాయి. పాత ప్రతిధ్వని కొత్త మాటపై పడుతుంది. అంతేకాదు, యంత్రములు తీగలోకి నిర్ణీత ప్రవాహమును పంపుతాయి. రెండు మూతలలో ఒకటి లేకుంటే నిరోధము 25 ఓముల నుండి 50 ఓములకు పెరిగి, వోల్టేజి రెట్టింపవుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నారని ప్రతి యంత్రమూ భ్రమించి ఆగిపోతుంది.

ఆ కేబుళ్లు కార్యాలయముల నుండి ఏనాడో తొలగినవి. బస్ పద్ధతి మాత్రము పోలేదు. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ బస్ నేటికీ వాహనములలో ఉన్నది; ప్లాంటులలో మీటర్లను కలుపుటకు ఆర్‌ఎస్-485 వాడుతూనే ఉన్నాము. వీటి రెండు కొసలలోను సాధారణముగా 120 ఓముల నిరోధకములు ఉండాలి. విద్యుత్తు ఆపి క్యాన్ తీగల నడుమ మల్టీమీటరు పెట్టినచో సుమారు 60 ఓములు చూపాలి. 120 చూపినచో ఒక కొస ఖాళీగా ఉన్నదన్నమాట. 40 చూపినచో ఎవరో మూడవది తగిలించినారు. మంచిదే కదా అని ప్రతి యంత్రమునకూ ఒకటి బిగించుట పొరపాటు.

పాఠక మిత్రులకు మా మనవి ఒక్కటే: యంత్రము ఆగినప్పుడు మనిషిని సంజాయిషీ అడుగుటకు ముందు తీగ రెండు కొసలనూ చూడండి. మీ విభాగములలో ఎదురైన ఇట్టి అనుభవములను మాకు వ్రాయండి.