పసుపు చేతికి పనిచేయని టచ్‌స్క్రీన్: ఫ్యాక్టరీ, సర్కారు సాఫ్ట్‌వేర్‌కు కూడా రివ్యూ కావాలి

ఫోన్ రివ్యూ రాయాలంటే మనం ఏం చేస్తాం? బాక్స్ మీద రాసింది పక్కన పెట్టి, రెండు వారాలు ఆ ఫోన్‌ని జేబులో వేసుకుని తిరుగుతాం. ఎండలో డిస్‌ప్లే కనిపిస్తుందా, బస్సులో సిగ్నల్ నిలబడుతుందా, సాయంత్రానికి బ్యాటరీ ఎంత మిగిలింది చూస్తాం. అప్పుడే కొనొచ్చో వద్దో చెప్తాం. స్పెక్ షీట్ చూసి మార్కులేస్తే మీరే కామెంట్లలో ఉతికేస్తారు.

మరి ఊళ్లో జనాల పొలం, పంట, పెన్షన్ నడిచే సాఫ్ట్‌వేర్‌ని మాత్రం స్పెక్ షీట్ చూసే కొంటున్నాం. ఆ స్పెక్ షీట్ పేరు టెండర్ డాక్యుమెంట్.

నాది మోర్తాడ్. ఈ సైట్‌కి రాయడం మొదలుపెట్టక ముందు హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. మా క్లయింట్లు రెండే రకాలు: ఫ్యాక్టరీలు, ప్రభుత్వ శాఖలు. ఆ ఉద్యోగంలో నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతా.

ట్యాబ్లెట్ బాగుంది, చెయ్యి మాత్రం పసుపు

మా దిక్కు జనవరి నుంచి మార్చి దాకా ఎటు చూసినా పసుపే. తవ్వుడు, ఉడకబెట్టుడు, ఎండబెట్టుడు, డ్రమ్ముల వేసి పాలిష్ పట్టుడు. ఆ తర్వాత మార్కెట్‌కో, పొడి పట్టే మిల్లుకో పోతుంది. అలాంటి ఒక మిల్లుకి మేం ప్రొడక్షన్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చాం. ఏ లాట్ ఎప్పుడు దిగింది, ఎంత తూగింది, పాలిష్‌లో ఎంత తరుగు పోయింది, పొడి ఎంత వచ్చింది, అన్నీ అక్కడికక్కడే ట్యాబ్లెట్‌లో ఎక్కించాలి. ఓనర్ తన ఫోన్‌లో లైవ్ డ్యాష్‌బోర్డ్ చూసుకోవాలి.

ట్యాబ్లెట్లు నేనే సెలెక్ట్ చేశాను. పెద్ద స్క్రీన్, మంచి ప్రాసెసర్. డెమో అదిరిపోయింది. ఓనర్ అదే రోజు సంతకం పెట్టేశారు.

వారం తర్వాత డ్యాష్‌బోర్డ్ చూస్తే విచిత్రంగా ఉంది. పొద్దుగాల నుంచి సాయంత్రం ఆరు దాకా సున్నా. ఆరు నుంచి ఏడు మధ్యలో రోజు మొత్తం ప్రొడక్షన్. సర్వర్ సింక్ ప్రాబ్లం అనుకుని రెండు రోజులు లాగ్‌లు తవ్వాను. ఏం దొరకలేదు. చివరికి బస్సెక్కి మిల్లుకి పోయాను.

డ్రమ్ము దగ్గర పనిచేసే ఒక పెద్దాయన నా ముందే ట్యాబ్ మీద వేలు పెట్టాడు. కదల్లేదు. మళ్లీ నొక్కాడు. కదల్లేదు. చేతి నిండా పసుపు పొడి, స్క్రీన్ నిండా పసుపు పొడి. "గిది మా చేతులకు కాదు బిడ్డా, మీ చేతులకు జేసిన్రు" అన్నాడు. వాళ్లంతా ఎప్పట్లాగే నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకుంటున్నారు. సాయంత్రం గుమాస్తా చేతులు కడుక్కుని, ఆఫీసులో కూర్చుని అంతా ఒకేసారి ఎక్కిస్తున్నాడు.

మా లైవ్ డ్యాష్‌బోర్డ్ అసలు కథ ఇది. కోడ్‌లో ఒక్క బగ్ లేదు. టచ్ శాంప్లింగ్ రేట్ గురించి ఇక్కడ పేజీలు పేజీలు రాసే నాకు, ఆ స్క్రీన్‌ని ముట్టుకునే వేలు ఎట్లుంటదో చూడాలని తోచలేదు.

తర్వాత ట్యాబ్లెట్లు తీసేసి, పెద్ద బటన్లున్న మామూలు కీప్యాడ్, ఒక బార్‌కోడ్ రీడర్ పెట్టాం. ప్రతి లాట్‌కి ఒక కార్డ్. తూకం చేత్తో కొట్టే పని లేకుండా, కాంటా ఇండికేటర్ వెనకాల ఉన్న సీరియల్ పోర్ట్ నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి లాగాం. ఖర్చు తగ్గింది, పని నడిచింది. మొదటి రోజే మిల్లుకి పోయుంటే ఆ సీజన్ దండగ అయ్యేది కాదు.

కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు

మీరు ఫోన్ కొంటే డబ్బు మీదే, వాడేదీ మీరే. నచ్చకపోతే తిట్టేదీ మీరే. అందుకే ఫోన్ కంపెనీలు మీకు భయపడతాయి. మిల్లులో డబ్బు పెట్టేది ఓనర్, వాడేది డ్రమ్ము దగ్గరి మనిషి. సర్కారు ప్రాజెక్టులో ఇంకా దూరం. టెండర్ రాసేది ఒకరు, బిల్లు పాస్ చేసేది మరొకరు, వాడేది మండలంలో ఆపరేటర్, దాని ఫలితం అనుభవించేది లైన్‌లో నిలబడ్డ రైతు. ఆ రైతుకి సాఫ్ట్‌వేర్ నచ్చలేదని అన్‌ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ లేదు.

ఒక ప్రభుత్వ శాఖకి మేం ఫీల్డ్ యాప్ చేశాం. ఏసీ హాల్లో, వైఫై మీద, ఫ్లాగ్‌షిప్ ఫోన్‌లో డెమో ఇచ్చాం. ఫీల్డ్ సిబ్బంది చేతుల్లో ఉన్నవి 2 జీబీ ర్యామ్ ఫోన్లు. ప్రతి ఎంట్రీకి జీపీఎస్‌తో ఫొటో తప్పనిసరి, సిగ్నల్ లేకపోతే ఫారం సేవ్ కాదు. మధ్యలో మాకు రిక్వైర్‌మెంట్ చెప్పిన అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన "ఈ ఫార్మాట్ ఎవరు చెప్పారు?" అన్నారు. చెప్పినాయన నోటి మాటగా చెప్పారు, మా దగ్గర కాగితం లేదు. మూడు నెలల పని మళ్లీ మొదటికొచ్చింది. తప్పు ఆయనది అనను. ఏ నిర్ణయం ఎవరు, ఏ రోజు తీసుకున్నారో రాసిపెట్టుకోవడం నా పని. నేను చేయలేదు.

సీజన్‌లో అప్‌డేట్ కొట్టొద్దు

ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ రాగానే, రేపు పరీక్ష ఉందంటే ఈ రోజు అప్‌డేట్ కొడతారా? కొట్టరు. పెద్ద కంపెనీలకే ఈ సంగతి తట్టలేదు.

అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ 1999లో సుమారు 11 కోట్ల 20 లక్షల డాలర్లు పెట్టి కొత్త ఈఆర్‌పీ తెచ్చుకుంది. మూడు పెద్ద సాఫ్ట్‌వేర్‌లను ఒకేసారి, అదీ జూలైలో లైవ్ చేసింది. చాక్లెట్ కంపెనీకి జూలై అంటే హాలోవీన్ ఆర్డర్లు మొదలయ్యే టైం. గోదాముల్లో సరుకు ఉంది, కానీ దాన్ని దుకాణాలకు పంపలేకపోయింది. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు తీర్చలేకపోయింది. మన భాషలో చెప్పాలంటే, పసుపు ఉడకబెట్టే రోజు కొత్త బాయిలర్ బిగించుకున్నట్టు.

సర్కారుకూ ఇదే రోగం. 2013 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం హెల్త్‌కేర్ డాట్ గవ్ మొదలుపెట్టింది. మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురే. తేదీ ముందే ప్రకటించేశారు కాబట్టి వెనక్కి జరపలేదు. మన దగ్గర కూడా ప్రారంభోత్సవం తేదీ ముందు ఫిక్స్ అవుతుంది, టెస్టింగ్ ఆ తేదీలోపు ఇరుక్కోవాలి.

99 శాతం అంటే ఎంత?

టెండర్లలో అప్‌టైమ్ 99 శాతం ఉండాలని రాస్తారు. వినడానికి బాగుంది. లెక్క కడదాం. 30 రోజుల నెలకు 720 గంటలు. అందులో ఒక శాతం అంటే 7 గంటల 12 నిమిషాలు. నెలలో అంతసేపు సర్వర్ పడుకున్నా కాంట్రాక్టర్ పైసా ఫైన్ కట్టక్కర్లేదు.

ఆ ఏడు గంటలు అర్ధరాత్రి పోతే ఎవరికీ తెలియదు. ఫిబ్రవరిలో బిడ్డింగ్ నడిచే పూట పోతే? ఉదాహరణకి రోజుకి మూడు గంటల బిడ్డింగ్ అనుకోండి, రెండు రోజుల వ్యాపారం మొత్తం ఆగిపోయినా రిపోర్టులో 99 శాతం అనే ఉంటుంది. బండి కిరాయి రైతుది, బస్తాల కాడ కాపలా రైతుది, రేపటికి ధర తగ్గితే ఆ నష్టమూ రైతుదే. ఎస్ఎల్ఏలో 24 గంటలనీ ఒకేలా లెక్కపెట్టడం, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బ్యాటరీ టెస్ట్ చేయడం లాంటిదే.

ధరణి నేర్పిన పాఠం

తెలంగాణలో ఈ టాపిక్ మాట్లాడుతూ ధరణి దాటిపోలేం. రాజకీయం పక్కన పెట్టి, ప్రాజెక్టుగా చూడండి. 2017 సెప్టెంబర్‌లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో పేచీ లేని భూముల్ని పార్ట్-ఎ, పేచీ ఉన్నవాటిని పార్ట్-బి కింద పెట్టారు. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. రికార్డు సాఫీగా ఉన్నవాళ్లకి తహసీల్ ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి అయిపోయేవి. ఇది నిజంగా మంచి ఫీచర్, ఒప్పుకోవాలి.

కానీ పేరులో అక్షరం తప్పు పడినవాళ్లు, విస్తీర్ణంలో తేడా ఉన్నవాళ్లు, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో పడినవాళ్లు ఎటు పోవాలి? మొదట్లో సరైన దారి లేదు. తర్వాత ఒక్కో సమస్యకి ఒక్కో మాడ్యూల్ కలుపుతూ పోయారు. తప్పులు సరిదిద్దే టీఎం-33 పేరు ఊళ్లో చదువురాని రైతుకి కూడా నోటికొచ్చింది. సాఫ్ట్‌వేర్ కోడ్ నంబర్ రైతు నోట పలుకుతుందంటే, డిజైన్ ఎక్కడో దెబ్బతిన్నట్టే.

ఇంకో సంగతి. ఇదంతా కోడ్ తప్పు కూడా కాదు. 2020 చట్టంలోనే కింది స్థాయిలో సరిదిద్దుకునే, అప్పీల్ చేసుకునే ఏర్పాటు సరిగ్గా లేదు. చట్టంలో లేని బటన్‌ని డెవలపర్ స్క్రీన్ మీద పెట్టలేడు. 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో అప్పీల్ వ్యవస్థని చట్టంలోనే పెట్టారు, పోర్టల్ నిర్వహణ ఎన్ఐసీ చేతికి వచ్చింది. ఎలా పనిచేస్తుందో వాడేవాళ్లే తేల్చాలి. ప్రాజెక్ట్ మేనేజర్‌కి పాఠం మాత్రం స్పష్టం: సాఫీగా నడిచే కేసు ఎవరైనా చేస్తారు, పార్ట్-బిలో ఉన్న మనిషికి ఏం చూపిస్తావన్నదే అసలు టెస్ట్.

బాగా చేస్తే ఎలా ఉంటుంది?

మంచి ఉదాహరణ కూడా మా జిల్లాలోనే ఉంది. 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లలో ఈ-నామ్ మొదలైతే, అందులో నిజామాబాద్ ఒకటి. సాఫ్ట్‌వేర్ బాధ్యత తీసుకుంది హైదరాబాద్‌కి చెందిన నాగార్జున ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్. ఈ-నామ్ అమలుకే 2017లో నిజామాబాద్ జిల్లాకి ప్రధానమంత్రి అవార్డు వచ్చింది. సాఫ్ట్‌వేర్ దేశమంతా అదే. అవార్డు అన్ని జిల్లాలకీ రాలేదు. గేట్ ఎంట్రీ, లాట్ నంబర్, నాణ్యత పరీక్ష, ఆన్‌లైన్ బిడ్, తూకం, బిల్లు: ఈ గొలుసులో ప్రతి చోటా మనుషులున్నారు. హమాలీ, ఏజెంట్, వ్యాపారి, యార్డు సిబ్బంది ఒప్పుకుంటేనే స్క్రీన్ మీద లాట్ కదులుతుంది. వాళ్లని ఒప్పించే పని ఏ యాప్ అప్‌డేట్‌లోనూ రాదు.

నా వర్డిక్ట్

కాంట్రాక్టర్ల వైపు కూడా న్యాయంగా చూడాలి. తక్కువ రేటు వేసినవాడికే పని ఇస్తే, ఫీల్డ్‌కి పోయే ఖర్చే ముందు కోసేస్తాడు. బిల్లు ఆలస్యమైతే చిన్న కంపెనీ జీతాలు ఎలా ఇస్తుంది? నాణ్యతకి కూడా మార్కులిచ్చే దారి ఉంది. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, నాణ్యత ముఖ్యమైన పనులకి ధర కాని అంశాలకి 30 శాతం దాకా వెయిటేజ్ ఇవ్వొచ్చని ఉంది. వాడుకోవాలి, అంతే.

నన్ను అడిగితే నాలుగు మార్పులు చాలు. ఒకటి, చివరి పేమెంట్‌కి సంతకం హెడ్ ఆఫీసులో కాదు, నెల రోజులు వాడిన ఆపరేటర్ దగ్గర తీసుకోవాలి. రెండు, టెస్టింగ్ 8 వేల రూపాయల ఫోన్‌లో, మండలంలో వచ్చే సిగ్నల్ మీద జరగాలి. మూడు, సీజన్‌లో కొత్త వెర్షన్ పెట్టకూడదు, పీక్ గంటల డౌన్‌టైమ్‌కి ఫైన్ పది రెట్లు ఉండాలి. నాలుగు, సిస్టం పడిపోయిన రోజు కాగితం మీద పని ఎలా నడపాలో ముందే రాసి గోడకి అంటించాలి.

ఇదంతా మీకెందుకంటే, జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రేపు లాట్ ట్రేసింగ్, క్యూఆర్ కోడ్, ఎగుమతి సర్టిఫికెట్ అంటూ ఇంకా సాఫ్ట్‌వేర్ వస్తుందని నా అంచనా. దాన్ని రాసేది మీలో ఎవరో ఒకరు. గేమ్ చేయడం, ఏఐ యాప్ చేయడం గొప్పే. కానీ మీ ఊరి మిల్లులో, మీ మండల ఆఫీసులో నడిచే సాఫ్ట్‌వేర్ చెడిపోతే దెబ్బ తగిలేది మీ నాయనకి, మీ కాకకి.

ఈసారి ఊరికి పోయినప్పుడు మీ తహసీల్ ఆఫీసులోనో మీసేవలోనో ఒక గంట కూర్చోండి. లైన్ ఎక్కడ ఆగుతుంది, ఆపరేటర్ ఏ బటన్ దగ్గర తల పట్టుకుంటున్నాడు, పక్కన నోట్‌బుక్‌లో ఏం రాసుకుంటున్నాడు చూడండి. ఆ నోట్‌బుక్‌లో ఉన్నదే సాఫ్ట్‌వేర్‌లో లేని ఫీచర్. చూసింది కామెంట్లలో రాయండి. ఫోన్ రివ్యూ చదివినంత ఇష్టంగా చదువుతా.