వెట్టికీ స్వేచ్ఛకీ మధ్య రాజీ కుదరదు

ఈనాడు పరిటాల పేరు చెబితే విజయవాడ - హైదరాబాదు రోడ్డు పక్కనున్న ఎత్తయిన ఆంజనేయ విగ్రహం, ఆ చుట్టుపక్కల దుమ్ము లేపే క్వారీలు, క్రషర్లు గుర్తొస్తాయి. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందట ఈ ఊరిది వేరే సంగతి. చుట్టూరా ఇంగ్లీషువాడి కృష్ణా జిల్లా. నడిమధ్యన దీవిలాగా పరిటాల, దానితోపాటు కొద్ది గ్రామాలు నిజాం ఏలుబడి. సర్కారు జిల్లాల్ని కంపెనీకి అప్పగించినప్పుడు వజ్రాల గనులున్న ఈ నేలను మాత్రం నిజాం తన కింద అట్టిపెట్టుకున్నాడు. పొలిమేర దాటితే రాజ్యం మారేది. ఇటు ఒక చట్టం, అటు ఇంకో చట్టం. 1947లో నిజాం భారత యూనియన్‌లో చేరనని మొండికేస్తే పరిటాల జనం తిరగబడ్డారు, నిజాం అధికారాన్ని కాదని సొంత పాలన ప్రకటించుకున్నారు.

ఈ గడ్డమీద పుట్టిన ఇంకో సంగతి కూడా మన కూలి జనానికి తెలియాలి. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు, నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు, మరికొందరు పెద్దలు కలిసి 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. ఆ మండలి అచ్చువేసిన మొదటి పుస్తకం ఏమిటి? పురాణమా? కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఎక్కడో సముద్రాల అవతల బానిసల్ని విడిపించినవాడి కథ తెలుగువాడికి ముందుగా చెప్పాలని వాళ్ళకు తోచింది. మంచి ఆలోచనే. కాని చూడండి - ఆ మండలిని పోషించినవారిలో మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు కూడా ఉన్నారు. అప్పట్లో కృష్ణా జిల్లాలోదే అయినా చుట్టూ నిజాం రాజ్యమే ఉన్న ఆ మునగాల పరగణాలోనే 1930లలో రైతులు, కూలీలు వెట్టికీ అక్రమ వసూళ్ళకీ వ్యతిరేకంగా ఉద్యమించాల్సి వచ్చింది. పుస్తకంలో లింకను, పొలంలో వెట్టి! అమెరికా బానిసత్వాన్ని చదివి కన్నీరు పెట్టుకోవడం తేలిక. సొంత గడపలో వెట్టివాడిని చూడటమే కష్టం.

అందుకే ఆ అమెరికా కథను మనం కూలివాడి వైపు నుంచి మళ్ళీ ఒకసారి చెప్పుకోవాలి. లింకన్ అనే ఒక పుణ్యాత్ముడు దయతలిస్తే బానిసలు విడుదలయ్యారన్నది బడి పాఠం. జరిగింది అది కాదు.

1860 నాటికి అమెరికాలో సుమారు నలభై లక్షలమంది నల్లవాళ్ళు బానిసలు. దక్షిణాదిలో పత్తి తోటల దొరలకు వాళ్ళు పశువులతో సమానం; కొనవచ్చు, అమ్మవచ్చు, తల్లినీ బిడ్డనీ వేరుచేసి వేలం వేయవచ్చు. ఉత్తరాదిలో ఫ్యాక్టరీలు, చిన్న రైతులు, కూలికి పనిచేసే కార్మికులు. ఒకే జెండా కింద రెండు రకాల శ్రమ. రాజ్యాంగం రాసుకున్నప్పుడే ఈ రెండింటికీ రాజీ చేశారు: పార్లమెంటు సీట్లు లెక్కవేసేటప్పుడు అయిదుగురు బానిసల్ని ముగ్గురు మనుషులుగా లెక్కకట్టాలట! ఓటు బానిసకు లేదు, అతని తల లెక్క మాత్రం దొరకు దక్కింది.

అక్కడి నుంచి రాజీల మీద రాజీలు. 1820లో పటం మీద గీత గీశారు - గీతకు దక్షిణాన బానిసత్వం ఉండొచ్చు, ఉత్తరాన, మిస్సోరీ తప్ప, ఉండకూడదు. 1850లో ఇంకో రాజీ. అందులో భాగంగానే పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. స్వేచ్ఛ ఉన్న రాష్ట్రానికి పారిపోయి వచ్చినవాణ్ణి కూడా పట్టి దొరకు అప్పగించాలి, అడ్డుపడినవాడికి జైలు. పట్టుబడిన మనిషి తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోవడానికి లేదు. విచారించే కమిషనరు ఆ మనిషిని విడిచిపెడితే అయిదు డాలర్ల ఫీజు, దొరకు అప్పగిస్తే పది డాలర్లు! న్యాయం తూచే తక్కెడలోనే రాయి కట్టారన్నమాట.

ఈ చట్టం చేసిన మేలు ఒకటుంది. అంతవరకూ "బానిసత్వం దక్షిణాదివాళ్ళ గొడవ, మనకెందుకు" అనుకున్న ఉత్తరాది జనం వీధిలోకే ఆ గొలుసు నడిచి వచ్చింది. పొరుగున బతుకుతున్న మనిషిని సంకెళ్ళు వేసి లాక్కుపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎట్లా? ఊళ్ళకు ఊళ్ళు తిరగబడ్డాయి, జైళ్ళు బద్దలుకొట్టి మనుషుల్ని విడిపించాయి.

దొరలు అక్కడా ఆగలేదు. ఆగలేరు కూడా. పత్తి నేలను పీల్చేస్తుంది. కొత్త నేల కావాలి. కొత్త రాష్ట్రాలు రాకపోతే సెనేటులో బలం తగ్గుతుంది. 1854లో పాత గీతను చెరిపేసి, కాన్సాసు, నెబ్రాస్కాలలో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడివాళ్ళే ఓటు వేసుకోవాలన్నారు. ఇంకేముంది, తుపాకులతో దొరల మనుషులు కాన్సాసులో దిగారు, నెత్తురు పారింది. 1857లో సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో తీర్పు చెప్పింది: నల్లవాడు పౌరుడే కాడు, కేంద్ర ప్రాంతాల్లో బానిసత్వాన్ని ఆపే హక్కు పార్లమెంటుకు లేదు! 1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ అనే తెల్లవాడు ఇరవైమందికి లోపు అనుచరులతో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడ్డాడు, బానిసల్ని లేపుదామని. ఓడిపోయాడు. డిసెంబరు 2న ఉరితీశారు. ఆ ఉరితాడుతో రాజీల కాలం ముగిసింది.

1860లో లింకన్ గెలిచాడు. ఆయన అప్పటికి అన్నది పాతచోట బానిసత్వాన్ని తీసేస్తానని కాదు, కొత్తచోటికి పాకనివ్వనని మాత్రమే. ఆ మాత్రానికే దక్షిణాది దొరలు రాజ్యం నుంచి విడిపోయారు. పదకొండు రాష్ట్రాలు వెళ్ళిపోయాయి. 1861 ఏప్రిల్‌లో ఫిరంగి పేల్చింది వాళ్ళే. గమనించండి: యుద్ధం తెచ్చింది బానిసలు కాదు, వాళ్ళ పక్షం మాట్లాడినవాళ్ళూ కాదు. తన పెత్తనానికి హద్దు గీస్తే ఒప్పుకోని ఆస్తిపరుడు యుద్ధం తెచ్చాడు. "గొడవలు రేపుతున్నారు, శాంతిని చెడగొడుతున్నారు" అని కూలి సంఘాలమీద నింద వేసేవాళ్ళు ఈ పాఠం చదువుకోవాలి.

ఆ యుద్ధాన్ని గెలిపించింది కూడా లింకన్ ఒక్కడే కాదు. లక్షలాది బానిసలు తోటలు విడిచి, పని మానేసి, ఉత్తరాది సైన్యం వైపు నడిచారు. అమెరికా నల్లజాతి చరిత్రకారుడు డుబోయిస్ దాన్ని సార్వత్రిక సమ్మెగా వర్ణించాడు. సుమారు లక్షా ఎనభై వేలమంది నల్లవాళ్ళు తుపాకీ పట్టారు. ఇంగ్లండులో అమెరికా పత్తి రాక మిల్లులు మూతపడి పస్తులున్న లాంకషైరు కార్మికుల్లో ఎంతోమంది దొరల పత్తి కోసం ఏడవలేదు. 1862 చివర మాంచెస్టరులో సభపెట్టి లింకన్‌కి మద్దతు పంపారు. ఆ కొరతలోనే మన దేశపు పత్తి ధర ఆకాశానికెక్కింది, కాకినాడ రేవు నుంచి ఎగుమతులు పెరిగాయి. నల్లరేగడిలో పత్తి వేసే మన రైతుకీ ఆ యుద్ధానికీ అంత దగ్గరి లంకె ఉంది.

ఇప్పుడు మన గడపకు వద్దాం.

నిజాం తెలంగాణలో వెట్టి ఉండేది. మాల మాదిగ ఇళ్ళనుంచి ఇంటికొకరు దొర గడీకి చాకిరీకి పోవాలి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, గౌడ - ఎవరి వృత్తి సరుకు వారు ఊరికే ఇవ్వాలి. దొర బిడ్డ అత్తారింటికి పోతే వెంట ఆడబాపగా పేదపిల్లను పంపేవారు. అప్పు కింద తరాల తరబడి కట్టుబడ్డవాళ్ళను భగేలాలనేవారు. నిజాం సర్కారు 1936లో భగేలా ఒప్పందాల మీద చట్టం చేసింది. చట్టం కచేరీలో ఉండిపోయింది, మనిషి గడీలో ఉండిపోయాడు. ఎందుకని? దేశముఖు చేతిలో భూమి, పోలీసు, పట్వారీ మూడూ ఉన్నాయి గనుక. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి ఒక్కడికే లక్షన్నర ఎకరాలుండేవని సుందరయ్య రాశారు. అంత భూమి ఉన్నవాడికి చట్టం ఏం చెబుతుంది?

అక్కడా రాజీల కాలం నడిచింది. ఆంధ్ర మహాసభ మొదట అర్జీలతో, తీర్మానాలతో సాగింది. 1944 భువనగిరి సభతో అది పేదల సంఘమయింది. జనం "సంగం" అన్నారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దొరకు వదలనని నిలబడింది. 1946 జూలై 4న కడివెండిలో దొర మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఇక్కడ కూడా మొదటి గుండు దొరదే! 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. రజాకార్ల దాడులకు తాళలేక వేలమంది సరిహద్దు దాటి మన జిల్లాలకు వచ్చారు. జగ్గయ్యపేట, నందిగామ వైపు పొలిమేరలు అప్పుడు ఉత్త పొలిమేరలు కావు. ఒక పక్క గడీ, ఒక పక్క ఊపిరి.

సుమారు మూడువేల గ్రామాల్లో వెట్టి రద్దయింది కాగితం మీద కాదు, గడీ తలుపుల ముందు. పది లక్షల ఎకరాలు పంచారు. నాలుగువేలమంది ప్రాణాలిచ్చారు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగాడు. కాని ఆ సైన్యం నీడలోనే పారిపోయిన దొరలు ఊళ్ళకు తిరిగొచ్చారు, పంచిన భూమి చాలాచోట్ల వెనక్కి లాక్కున్నారు. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు.

అమెరికాలో కూడా సరిగ్గా ఇదే జరిగింది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ విడుదలైన కుటుంబాలకు నలభై ఎకరాల చొప్పున ఇవ్వాలని ఉత్తర్వు వేశాడు. ఏడాది తిరక్కుండానే, లింకన్ హత్య తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ ఆ భూమిని పాత దొరలకే తిరిగి ఇప్పించాడు. డిసెంబరులో బానిసత్వం రాజ్యాంగం ప్రకారం రద్దయింది, నేరానికి శిక్షగా తప్ప అన్న మెలికతో. భూమి లేనివాడు పాలికాపయ్యాడు, అప్పుల్లో పడ్డాడు. పనిలేదని తిరిగితే నేరమన్నారు, ఖైదీగా పట్టి మళ్ళీ అదే తోటలకు అద్దెకిచ్చారు. గొలుసు పోయి ఖాతాపుస్తకం వచ్చింది.

రెండు దేశాల పాఠం ఒకటే. ఒకటి: కట్టుచాకిరీతో రాజీపడితే అది ఉన్నచోట ఉండదు, పాకుతుంది, పక్కవాడి కూలినీ, పక్కవాడి స్వేచ్ఛనూ తింటుంది. రెండు: భూమి, కూలి రేటు చేతికి రాకుండా వచ్చిన విడుదల సగం విడుదలే.

"ఇప్పుడెక్కడుంది బాబూ వెట్టి?" అని అడిగే పెద్దమనుషులున్నారు. మన దేశ రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. నిజమే. కాని పాలేరు పోయాడనుకుంటే అడ్వాన్సు వచ్చింది. ఇటుక బట్టీకో, క్వారీకో, దూరపు మిరపకోతకో మేస్త్రీ చేతిలో ముందు డబ్బు తీసుకుని పెళ్ళాం బిడ్డలతో బయలుదేరిన మనిషిని లెక్క తేలేదాకా కదలనివ్వకపోతే అది ఏమిటి? లెక్క ఎవరు రాస్తారు? అడ్వాన్సు ఇచ్చినవాడే. ఒడిశా నుంచి వచ్చిన కూలివాడు తెలుగు రాక నోరు మూసుకుంటే, ఆ చవక కూలి చూపించి మన ఊరి కూలి రేటు కోసేది కూడా వాడే. కాన్సాసు రైతు భయపడింది సరిగ్గా దీనికే. బానిస పక్కన స్వేచ్ఛగా పనిచేసేవాడికి గిట్టుబాటు కూలి దొరకదు.

కాబట్టి సోదరులారా, వలస కూలివాడు మనకు పోటీదారు కాదు, మన మనిషి. వాడి కాలి బేడీ తీయకుండా మన కూలి పెరగదు.

చట్టం దానంతటది కదలదు, మనం కదిలిస్తే పనికొస్తుంది. అందుచేత ఈ నాలుగు ముక్కలూ ప్రతి కూలి సంఘం కంఠస్థం చేయాలి. 1976 చట్టం ప్రకారం కట్టుచాకిరీ అప్పు రద్దు, తీర్చనక్కరలేదు. అది అలాంటి అప్పు కాదని నిరూపించుకోవలసింది అప్పు ఇచ్చానన్నవాడే, కూలివాడు కాదు. కట్టుచాకిరీ చేయించినవాడికి మూడేళ్ళ దాకా జైలు. జిల్లాలో, సబ్‌డివిజన్‌లో నిఘా కమిటీలు ఉండి తీరాలి. ఇంకో ముఖ్య విషయం: 1982లో ఆసియా క్రీడల కూలీల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించే పని కూడా నిర్బంధ శ్రమేనని తేల్చి చెప్పింది. ఆకలికి లొంగి ఒప్పుకున్నా సరే, అది ఇష్టపడి ఒప్పుకున్నట్టు కాదు.

మన డిమాండ్లు సూటిగా ఉండాలి. నిఘా కమిటీలు కాగితాల్లో కాకుండా బట్టీల్లో, క్వారీల్లో, మిరప చేలల్లో తిరగాలి. వాటిలో కూలి సంఘాలకు చోటివ్వాలి. ప్రతి మేస్త్రీ దగ్గరున్న అడ్వాన్సు లెక్క కూలివాడి భాషలో కూలివాడి చేతికివ్వాలి. విడిపించిన కుటుంబానికి భూమిగాని, ఇంటి జాగాగాని, నిలకడైన పనిగాని చూపాలి. లేకపోతే రేపు ఇంకో మేస్త్రీ ఇంకో అడ్వాన్సుతో గుమ్మంలో నిలబడతాడు.

పరిటాల జనం ఒకనాడు రెండు రాజ్యాల మధ్య గీతను చెరిపేశారు. ఈనాటి గీత ఊరి పొలిమేర మీద లేదు. అడ్వాన్సు ఇచ్చినవాడి పద్దుపుస్తకంలో ఉంది. దాన్ని చెరపడం కూలి సంఘం పని. ఈ కోతల కాలంలోనే మొదలుపెట్టండి.