డబ్బా పాలు బిడ్డ అవసరమా, వార్డు అలవాటా?

‘ఇంకా పాలు పడలేదు, బిడ్డ ఆకలికి ఏడుస్తోంది’ అని ఎవరో అంటారు. చీటీ మీద పాలపొడి పేరు పడుతుంది. తండ్రి మందుల షాపుకు పరిగెడతాడు. బాలింత మత్తు పూర్తిగా దిగకముందే బిడ్డకు డబ్బా పాలు పట్టేస్తారు. మన ప్రసూతి వార్డుల్లో ఇది మామూలైపోయింది. అలవాటు కొద్దీ కాక, అవసరం చూసి తీసుకోవాల్సిన నిర్ణయం ఇది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. ఆపరేషన్ అయిన తల్లికి పాలు పడటం కాస్త ఆలస్యం కావచ్చు. అయితే మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది ఒకటి రెండు టీస్పూన్లే. ఆరోగ్యంగా నెలలు నిండి పుట్టిన బిడ్డకు ముర్రుపాలు సాధారణంగా సరిపోతాయి. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు. పట్టకపోతే పాలు ఊరవు. అప్పుడు ‘పాలు చాలడం లేదు’ అన్న మాటే నిజమైపోతుంది. ఏడుపు ఒక్కటే ఆకలికి గుర్తు కాదు. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తోందా, రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు చేరిందా అన్నది చూడాలి.

ఈ అలవాటు సాగుతున్నది చట్టం లేక కాదు. 1992లో వచ్చి, 2003లో పదునెక్కిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలను, ఉచిత శాంపిళ్లను నిషేధించింది. పాలపొడి డబ్బాపై పసిబిడ్డ బొమ్మ వేయకూడదు. వైద్య సిబ్బందికి కంపెనీలు కానుకలివ్వకూడదు. ఇవి వార్డు గుమ్మం దాటి లోపల అమలవుతున్నాయా అన్నది తనిఖీ చేసేవారు కావాలి.

నిజంగా అవసరమైన చోట డబ్బా పాలు ప్రాణాధారం. తల్లికి తీవ్ర అనారోగ్యం ఉన్నా, బిడ్డ బరువు పెరగకపోయినా వైద్యులు చెబితే ఇవ్వాల్సిందే. అందుకు ఆ తల్లిని నిందించడం అన్యాయం. కలిపే పద్ధతి నేర్పడమే ఆమెకు చేయగల సాయం. చాలా డబ్బాలకు 30 మిల్లీలీటర్ల నీటికి తలకొట్టిన ఒక స్కూపు లెక్క. డబ్బా పదిరోజులు ఎక్కువ రావాలని పలచగా కలిపితే బిడ్డ చిక్కిపోతుంది. పొడిలో క్రిములు ఉండే వీలుంది కనుక మరిగించి దించిన నీరు 70 డిగ్రీలకు తగ్గకముందే కలిపి, గోరువెచ్చగా చల్లార్చి పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు గంటలు దాటితే పారబోయాలి. సీసా కన్నా ఉగ్గుగిన్నె శుభ్రం చేయడం తేలిక.

బిడ్డ కాస్త కక్కినా, విరేచనం రంగు మారినా డబ్బా మార్చేయడం మరో పొరపాటు. తొలి ఆరు నెలల పాలపొడులన్నీ ఒకే పోషక ప్రమాణాలకు లోబడాలి. బ్రాండు మార్చినంత మాత్రాన కక్కడం తగ్గదు. విరేచనంలో రక్తం, ఆగని వాంతులు, పెరగని బరువు కనిపిస్తే వైద్యుడి దగ్గరకే వెళ్లాలి. ఏడాదిలోపు నీళ్లు కలిపిన గేదెపాలు పాలపొడికి బదులు కావు.

ప్రతి ప్రసూతి ఆస్పత్రిలో రొమ్ము పట్టించడం నేర్పే నర్సు ఉండాలి. డబ్బా పాలు రాసిన ప్రతిసారీ కారణం కేస్‌షీట్‌లో నమోదు కావాలి. ఈ రెండింటినీ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తప్పనిసరి చేయాలి. కుటుంబాలు కూడా చీటీ అందుకోగానే షాపుకు పరుగెత్తకుండా, ‘ఎందుకు?’ అని వైద్యుణ్ని అడగాలి.