కునుకును కనిపెట్టే కెమెరా

ఈమధ్య ఒకరోజు ఓ.పి. ముగిసే వేళకి ఒక లారీ డ్రైవరు భార్యతో కలిసి వచ్చాడు. అంబాజీపేట నుంచి మహారాష్ట్రకి కొబ్బరికాయల లోడు తోలే మనిషి. నలభై నాలుగేళ్లుంటాయి.

"నా కళ్లు బాగానే ఉన్నాయని ఒక కాగితం రాసివ్వండి డాక్టరుగారూ" అన్నాడు.

ఎందుకయ్యా అంటే సంగతి చెప్పాడు. ఓనరు కొత్త లారీలో డ్రైవరు ముఖానికి ఎదురుగా ఒక చిన్న కెమెరా పెట్టించాడు. డ్రైవరు కళ్లు మూతలు పడితే అది కీచుమని మోగుతుంది. ఆ కబురు ఓనరు ఫోనుకి కూడా పోతుంది. ఇతను తోలుతుంటే రాత్రికి పదిసార్లు మోగుతోందట.

"మిషనే చెడిపోయిందండి. నాకు నిద్రేం రావట్లేదు. విసుగొచ్చి దానిమీద ప్లాస్టరు ముక్క అంటించేశాను. ఇప్పుడు ఓనరుగారు డ్యూటీ ఆపేస్తానంటున్నారు" అన్నాడు.

భార్య ఊరుకోలేదు. "కాదండి. కూర్చున్నచోటే తూగుతున్నారు. కంచం ముందు కూడా తూగుతున్నారు. రాత్రిపూట గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోయినట్టయిపోతారు. నేను భయపడి కుదిపి లేపుతుంటాను" అంది.

మిషను సరిగానే పనిచేస్తోందని నాకు అప్పుడే అర్థమైంది. ఇలాంటి కెమెరాలు ఇప్పుడు లారీల్లోనూ, బస్సుల్లోనూ, కొన్ని కార్లలోనూ వస్తున్నాయి. రేపు మీ ఇంటి కారులోనూ ఉండవచ్చు. అంచేత అది ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలుసుకోవడం మంచిది.

కెమెరా ఏం చూస్తుంది?

కంటికి కనపడని పరారుణ కాంతిని ముఖం మీద ప్రసరింపజేసి చీకట్లో కూడా కనురెప్పల్ని గమనిస్తుంది. మామూలు రెప్పపాటు క్షణంలో అయిపోతుంది. నిద్ర ముంచుకొచ్చినవాడి రెప్ప నెమ్మదిగా వాలి, నెమ్మదిగా లేస్తుంది. ఒక నిమిషంలో ఎంతసేపు రెప్ప ఎనభై శాతానికి మించి కంటిని కప్పేసిందో కంప్యూటరు లెక్క కడుతుంది. అది హద్దు దాటితే గంట మోగిస్తుంది. ఆవలింతలు, తల వాలడం, చూపు రోడ్డు వదిలి ఒళ్లోని ఫోను మీదకి పోవడం కూడా కొన్ని పరికరాలు పట్టుకుంటాయి.

మరో రకం పరికరం ముఖం వైపు చూడదు. స్టీరింగు తిప్పే తీరును గమనిస్తుంది. మెలకువగా ఉన్నవాడు స్టీరింగును ఎప్పుడూ కొద్దికొద్దిగా సర్దుతూనే ఉంటాడు. మత్తులో ఉన్నవాడు కాసేపు వదిలేసి, ఉలిక్కిపడి ఒక్కసారిగా తిప్పుతాడు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన విద్య కాదు. జపానులో లెక్సస్ కారులో 2006లో డ్రైవరు ముఖం చూసే కెమెరా పెట్టారు. వోల్వో 2007లో, మెర్సిడెస్ 2009లో మగతను కనిపెట్టే ఏర్పాట్లు తెచ్చాయి. యూరప్ దేశాల్లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఇలాంటి హెచ్చరిక ఉండి తీరాలి. మన దేశంలో కొత్త బస్సులకు, పెద్ద లారీలకు ఇది ఉండాలని 2025లో కేంద్ర రవాణా శాఖ ముసాయిదా నిబంధనల్లో ప్రతిపాదించింది. 2022లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ భాగస్వామ్యంతో 'ఐరాస్తే' పథకం కింద తెలంగాణ ఆర్టీసీ బస్సులకు కూడా హెచ్చరిక పరికరాలు అమర్చారు. అయితే ఆ పరికరం ముఖ్యంగా రోడ్డు వైపు చూస్తుంది. ముందున్న బండి మరీ దగ్గరపడితే హెచ్చరిస్తుంది. డ్రైవరు వైపు చూసే కెమెరా వేరు.

తాగకపోయినా మత్తే

మనిషి శరీరంలో ఒక గడియారం ఉంది. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా, మళ్లీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అది నిద్రవైపు లాగుతుంది. ఎంత గట్టి మనిషికైనా ఇది తప్పదు. జాతీయ రహదారి మీద తెల్లవారుజామున పోలీసులు లారీలు ఆపి డ్రైవర్లచేత ముఖం కడిగించి పంపేది అందుకే.

దీనికి తోడు ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నామన్న లెక్క ఒకటి ఉంది. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు దీన్ని కొలిచారు. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. మన చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం! డ్యూటీ ఎక్కేముందు గొట్టంలో ఊదిస్తే తాగినవాడు దొరికిపోతాడు. నిద్రలేనివాడు దొరకడు.

ఈ లెక్క లారీవాళ్లకే అనుకోకండి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే మీ అబ్బాయి సంగతి చూడండి. పొద్దున్న ఆరింటికి లేచాడు. ఆఫీసు పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి పెళ్లాంబిడ్డలతో కారెక్కాడు. పదకొండింటికల్లా పదిహేడు గంటలు నిండాయి. ఇంకా విజయవాడ కూడా రాలేదు. మన ఊరికి నాలుగు వందల కిలోమీటర్ల పైన ప్రయాణం. రావులపాలెంలో హైవే దిగి కొత్తపేట వైపో, అమలాపురం వైపో తిరిగేసరికి సరిగ్గా శరీరం నిద్ర కోరే వేళ అవుతుంది. 'ఇంటికొచ్చేశాంలే' అని మనసు కూడా సడలుతుంది. హైవే మీద రోడ్డు పక్కన కాస్త జాగా ఉంటుంది. మన కాలవ గట్టు రోడ్ల మీద జాగా ఎక్కడుంది? ఎనభై కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకంటే దాదాపు 90 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే.

కెమెరాని నమ్ముకోవచ్చా?

థర్మామీటరు జ్వరాన్ని చూపిస్తుంది గాని తగ్గించదు. ఈ కెమెరా కూడా అంతే. కునుకు వచ్చిందని చెబుతుంది. నిద్ర మాత్రం ఇవ్వలేదు. గంట మోగగానే ఉలిక్కిపడి లేచిన మెలకువ కొద్ది నిమిషాలే నిలుస్తుంది. తర్వాత మళ్లీ అదే మత్తు.

పైగా దానికీ లోపాలున్నాయి. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే కొన్నింటికి కన్ను కనపడదు. పుట్టుకతో చిన్న కళ్లున్నవారిని చూసి అనవసరంగా మోగవచ్చు. స్టీరింగును బట్టి చెప్పేవాటిలో కొన్ని, వేగం ఒక హద్దు దాటితేనే పనిచేస్తాయి. మన ఊళ్ల రోడ్ల మీద నెమ్మదిగా పోయేటప్పుడు అవి పలకవు. కాబట్టి గంట మోగలేదు గనక నేను బాగానే ఉన్నాను అనుకోకూడదు.

గంట మోగితే వెతకవలసినవి

మాటిమాటికీ మోగుతోందంటే కారణం ఉండాలి. ముందుగా చూడవలసింది నిద్ర గంటలు. రోజుకి ఏడు గంటలైనా పడుతోందా?

రెండోది మందులు. జలుబుకి, దురదకి వాడే క్లోర్‌ఫెనిరమైన్, ఫెనిరమైన్ మాత్రలు బాగా మత్తు చేస్తాయి. సెట్రిజిన్ కూడా కొందరికి చేస్తుంది. కొన్ని దగ్గు సిరప్పులు, ఆందోళనకి వాడే మాత్రలు మర్నాటి దాకా మందకొడిగా ఉంచుతాయి. ఈ విషయంలో నేనూ ఒకప్పుడు తప్పు చేసినవాణ్ణే. జలుబుతో వచ్చిన ఒక టాక్సీ డ్రైవరుకి, ఏం పని చేస్తావని అడగకుండా మాత్ర రాసిచ్చాను. ఆ రాత్రే అతను కారుని కొబ్బరిచెట్టుకి కొట్టాడు. దేవుడి దయవల్ల చెయ్యి విరగడంతో పోయింది. అప్పటినుంచి చీటీ రాసేముందు బండి నడుపుతారా అని అడుగుతున్నాను. మీ డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. బీపీకి, ఫిట్స్‌కి, మనసుకి వాడే మందుల్ని మాత్రం మీ అంతట మీరు మానెయ్యకండి.

మూడోది మధుమేహం. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు వేళకి తినకపోతే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, తికమక వస్తాయి. జేబులో నాలుగు చక్కెర బిళ్లలు ఉంచుకోవాలి.

నాలుగోది గురక. మన డ్రైవరుకి ఉన్నది ఇదే అని అనుమానించాను. లావుపాటి మెడ, పొట్ట, బీపీ ఎక్కువ. ఇలాంటివారికి నిద్రలో గొంతు కండరాలు సడలి ఊపిరి దారి మూసుకుపోతుంది. ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఇలా రాత్రంతా పదేపదే జరుగుతుంది. పాపం, ఎనిమిది గంటలు పడుకున్నానని అతను అనుకుంటాడు గాని, శరీరానికి అందిన నిద్ర చాలా తక్కువ. ఇది వైద్యంతో లొంగే జబ్బు.

అడిగిన కాగితం నేను రాసివ్వలేదు. "వైద్యం అయ్యేదాకా రాత్రి లోడు ఎక్కవద్దు" అన్నాను. అతని ముఖం వాడిపోయింది. ఇద్దరు పిల్లల చదువు, చీటీ వాయిదాలు. "ఓనరుగారికి చెప్పకండి డాక్టరుగారూ" అన్నాడు. నేను చెప్పను, చెప్పవలసింది నువ్వే అన్నాను. పెద్దాసుపత్రికి పంపితే, రాత్రి నిద్రలో చేసే పరీక్షలో నా అనుమానం నిజమైంది. ఇప్పుడు పడుకునేటప్పుడు ముక్కుకి మాస్కు తగిలించి గాలిని ఒత్తిడితో పంపే మిషను వాడుతున్నాడు. ఓనరు మంచివాడు గనక పగటిపూట దగ్గర లోడ్లు ఇచ్చాడు. బత్తా తగ్గింది, ఆ ఇబ్బంది ఉంది. కాని కంచం ముందు తూగడం మానేశారని భార్య చెప్పింది.

లారీ ఓనర్లకి ఒక మాట. గంట మోగినప్పుడల్లా జీతం కోస్తే డ్రైవర్లు కెమెరాకి ప్లాస్టరు అంటించక ఏం చేస్తారు? 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి ఎనిమిది గంటల పని, అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అని చెప్పింది. ఆ గంటను జబ్బు లక్షణంలా చూడండి, నేరంలా చూడకండి.

ఇంట్లో పాటించవలసినవి

1. రాత్రి ప్రయాణం ఉంటే ఆ మధ్యాహ్నం నడిపేవారిని పడుకోనివ్వండి. పనులు పురమాయించకండి.

2. రెండు గంటలకొకసారి బండి ఆపండి. పక్క సీట్లో కూర్చున్నవారు నిద్రపోకండి.

3. గంట మోగినా, ఆవలింతలు వరసగా వస్తున్నా, గడిచిన రెండు మూడు కిలోమీటర్లు గుర్తు లేకపోయినా బండిని రోడ్డు దించి వెలుతురున్న చోట ఆపండి. ఒక కప్పు కాఫీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు కునుకు తియ్యండి. లేచేసరికి కాఫీ పనిచెయ్యడం మొదలుపెడుతుంది. లేచాక పది నిమిషాలు అటూ ఇటూ నడిచి అప్పుడు స్టీరింగు పట్టుకోండి.

4. కిటికీ తెరవడం, పాటలు పెద్దగా పెట్టడం, కిళ్లీ నమలడం నిద్రకి మందు కాదు.

5. కిరాయి కారు మాట్లాడుకునేటప్పుడు డ్రైవరుని ఒక్క ప్రశ్న అడగండి: "నిన్న రాత్రి పడుకున్నావా బాబూ?" దుబాయి విమానానికో, కువైట్ విమానానికో మనవాళ్లని దింపి వచ్చిన మనిషినే వెంటనే మళ్లీ తీసుకుపొమ్మనకండి.

6. ఇంట్లో గురక పెట్టేవారు పగలు కూడా తూగుతుంటే నవ్వి ఊరుకోకండి. డాక్టరుకి చూపించండి.

పండక్కి వచ్చే మీ పిల్లలకి ఇవాళే ఫోను చేసి, రాత్రి పడుకుని తెల్లవారాక బయలుదేరమని చెప్పండి. భోగి మంట దగ్గరికి ఒక పూట ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు.