మాధవి లేని జాబులు

చేతిఫోనును నిందించడం నేడు పెద్దలకు అలవాటైపోయింది. దానిని సమర్థించడం పిన్నలకు అలవాటైపోయింది. ఇంటింటా జరిగే ఈ వాదంలో ఏ పక్షం వారూ రెండవ పక్షం మాట చెవిని పెట్టరు. భారతదేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. ముప్పై ఏళ్లు తిరిగేసరికి వరినాట్లకు పోయే కూలీ కొంగులోనూ, చేపలమ్ముకొనేవాని జేబులోనూ, మా తరగతిగదిలో చివరి బల్లమీది విద్యార్థి ఒడిలోనూ ఈ సాధనం చేరింది. ఇంతమందికి ఇంత దగ్గరైనదానిని తిట్టి వదిలించుకోలేము. పొగిడి ఊరుకోనూ లేము. అది మన మాటను ఎదుటివారికి చేరవేసే రాయబారి. కనుక రాయబారిగా దాని గుణదోషాలను విచారించడమే యుక్తమని మాకు తోచింది.

రాయబారులను గూర్చి కృష్ణాతీరవాసులకు వేరొకరు చెప్పనక్కరలేదు. మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామం ఆ విషయాన్ని రాత్రులకు రాత్రులు ఆడి చూపిన ఊరు. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన విద్యార్థులకు ఆ గ్రామం పరాయిది కాదు. గోల్కొండను 1672 నుండి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానాషా మచిలీపట్నం దిక్కుగా ప్రయాణం చేస్తూ నడుమ ఆగి, అక్కడి కళాకారుల ప్రదర్శన చూసి, మెచ్చి, ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని పరంపరగా చెప్పుకొంటారు. తొందరగా పోవలసిన ప్రభువు ఒక రాత్రి ఆగినందువల్ల ఒక కళకు నిలువనీడ దొరికిందని ఆ కథకు అర్థం చెప్పుకోవచ్చు.

సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధి పొందిన భామాకలాపంలో సత్యభామ శ్రీకృష్ణునితో పంతానికి పోయి, ఎడబాటుకు లోనై, చివరకు లేఖ రాస్తుంది. ఆ లేఖను చేరవేయవలసినది చెలికత్తె మాధవి. అయితే మాధవి చెప్పగానే పరుగెత్తే మనిషి కాదు. ఎవరికి ఈ కబురు? ఆయన నీకేమవుతాడు? పేరేమి? అని తరచి తరచి అడుగుతుంది. భర్త పేరు చెప్పడానికి సత్యభామ సిగ్గుపడుతుంది. మాధవి వదలదు. ప్రేక్షకులు నవ్వుతారు. ఆ నవ్వులలోనే, జడ చూపి సవాలు చేస్తూ రంగం మీదికి వచ్చిన సత్యభామ గర్వం కొంచెం కొంచెంగా సడలుతుంది. పురుషుడై ఉండి ఈ పాత్రకు దేశఖ్యాతి తెచ్చిన వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) వంటి నటులకు పేరు వచ్చినది ఈ మార్పును చూపడంలోనే. ఇంకొక విశేషమున్నది. మాధవి వేషాన్ని సూత్రధారుడే ధరించడం సంప్రదాయం. నాటకాన్ని ముందుకు నడపవలసినవాడే లేఖను కాసేపు నిలిపి ఉంచుతాడన్నమాట.

మన చేతిలోని రాయబారి ఇటువంటి ప్రశ్న ఒక్కటీ వేయదు. కోపంలో ఉన్నావా అని అడగదు. ఈ వార్త నీకెవరు చెప్పారని అడగదు. వేలు తగిలినదే తడవు మాట వెళ్లిపోతుంది. సత్యభామకు ఈ సౌకర్యం ఉండినట్లయితే కలాపం రెండు నిమిషాలలో ముగిసేది. తొలి కోపంలో ఒక కటువైన వాక్యం పంపేది. అది చదివినట్లు నీలిరంగు గుర్తులు కనబడేవి. బదులు రాలేదని మరొక వాక్యం పంపేది. శ్రీకృష్ణుడు ఆమె నంబరును అడ్డగించేవాడు. ఇది హాస్యానికి చెప్పినా, మా విద్యార్థుల స్నేహాలు కొన్ని సరిగా ఇట్లాగే తెగిపోవడం మేము చూస్తూనే ఉన్నాము. మూడేళ్లు ఒకే బల్లమీద కూర్చున్నవారు, రాత్రి పదకొండు గంటలకు పంపుకొన్న మూడు వాక్యాలవల్ల, తెల్లవారి వేర్వేరు బల్లలమీద కూర్చుంటారు. కలహకారణం అడిగితే ఇద్దరికీ సరిగా గుర్తుండదు. అవతలివాడు చదివికూడా బదులివ్వలేదన్న సంగతి మాత్రం ఇద్దరికీ గుర్తుంటుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఆలస్యాన్ని ఇంతగా మెచ్చుకొంటున్నారే, ఆలస్యం వల్ల కలిగిన అనర్థాలు మరిచారా అని. మరువలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి పైగా మరణించారు. తుఫాను హెచ్చరిక ఉన్నా, అది గుడిసె గుడిసెకూ వేళకు చేరే మార్గం లేకపోయింది. ఆనాడు ప్రతి చేతిలో ఒక ఫోను ఉండి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో! ప్రసవవేదన పడుతున్న స్త్రీకి, పాముకాటు తగిలిన రైతుకు, గల్ఫు దేశంలో ఉన్న కొడుకు గొంతు వినాలని ఎదురుచూసే తల్లికి ఈ సాధనం చేసే మేలును కాదనేవాడు కృతఘ్నుడు. ట్రంక్‌కాలు కోసం పోస్టాఫీసు అరుగుమీద గంటలకొద్దీ పడిగాపులు పడిన కాలాన్ని తిరిగి రమ్మని పిలవడం మా ఉద్దేశం కాదు.

అయితే మనిషి పంపే మాటలన్నీ ఒక జాతివి కావు. ప్రమాదవార్త ఒకటి, మనసులోని మాట, ఇతరుల మీద తీర్పు మరొకటి. మొదటిది ఎంత వేగంగా పోతే అంత మంచిది. రెండవది నారుమడివంటిది. కాలువకు నీరు వదిలిన మరునాడే కోతకు సిద్ధమయ్యే వరిని ఈ డెల్టాలో ఏ రైతూ చూడలేదు. కోపం, క్షమాపణ, నింద, నిర్ణయం – వీటికి మొలకెత్తే వ్యవధి కావాలి. ఈ రెండు జాతుల మాటలనూ ఒకే వేగంతో, ఒకే వేలితో పంపడం నేర్చుకున్నందువల్లనే చిక్కు వచ్చిపడింది.

ఆ చిక్కు స్నేహాలతో ఆగలేదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సప్ ద్వారా దేశమంతటా పాకింది. మన రెండు తెలుగు రాష్ట్రాలతో సహా పలుచోట్ల గుంపులు అమాయకులను కొట్టి చంపాయి. ఆ వదంతిని పంపినవారిలో అధికులు హంతకులు కారు. పిల్లలున్న తల్లిదండ్రులు, భయపడినవారు, మేలు చేస్తున్నామనుకొన్నవారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క మాధవి ఎదురై, ఇది నీ కళ్లతో చూశావా అని అడిగి ఉంటే చాలు. ఆ ఏడు జూలైలో ఆ సంస్థవారు మన దేశంలో ఒక వార్తను ఒక్కమారు అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. యంత్రానికి మాధవి గుణం కొంచెం అబ్బించే ప్రయత్నమని దానిని మేము భావిస్తున్నాము. కాని ఆ గుణాన్ని యంత్రానికి అప్పగించి మనం నిశ్చింతగా ఉండరాదు. వేరు వేరు మతాలవారు ఒకే వీధిలో బతికే ఊళ్లలో, పరిశీలించని ఒక వార్త ఎవరి గుమ్మం ముందు పేలుతుందో ఎవరూ చెప్పలేరు.

మన రెండు భాషలలోనూ ఆగి రాసినవారికి కొరత లేదు. మీర్జా గాలిబ్ ఉర్దూ లేఖలు 1868లో ‘ఊదె హిందీ’ పేరుతోనూ, 1869లో ‘ఉర్దూయె ముఅల్లా’ పేరుతోనూ గ్రంథరూపం పొందాయి. చెదిరిపోయిన మిత్రులకు ఢిల్లీలో కూర్చొని ఆయన రాసిన జాబులు చదివితే ఎదుట కూర్చొని మాట్లాడినట్లే ఉంటుంది. కృష్ణాజిల్లా అంగలూరులో జన్మించిన త్రిపురనేని గోపీచంద్ తన గ్రంథమొకదానికి ‘పోస్టు చేయని ఉత్తరాలు’ అని పేరు పెట్టారు. ఆ పేరులోనే ఒక పాఠమున్నది. రాసినది పంపకపోవడం కూడా మనిషికి ఉన్న స్వేచ్ఛయే. నేటి యువకులకు ఆ స్వేచ్ఛ ఉన్నదని ఎవరూ చెప్పలేదు.

కావున విద్యార్థినీ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ఫోను మానవద్దు. ప్రమాదవార్త అయితే తక్షణం పంపండి. కోపంతో రాసినదైతే తెల్లవారేదాకా ఉంచండి. ఇతరుల నుండి వచ్చినదైతే, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎక్కడ చూశారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా మీ దగ్గరే ఆపండి. జవాబు దొరకనిది మీ దగ్గరే చచ్చిపోతే లోకానికి నష్టం లేదు.

కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక సూచన. వక్తృత్వానికి, వ్యాసరచనకు ఏటేటా బహుమతులు ఇస్తున్నారు. రాబోయే వార్షికోత్సవం నుండి ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి లేఖారచన పోటీలు కూడా పెట్టండి. కాగితం మీద, సొంత దస్తూరితో, అలిగిన మిత్రునికో, ఇంట్లోని పెద్దలకో రాయాలన్నది నియమం కావాలి. రాసిన లేఖను మరునాడు రాసినవారి చేతికే తిరిగి ఇచ్చి, మార్చవలసినది మార్చుకొనే అవకాశం ఇచ్చిన పిమ్మటనే న్యాయనిర్ణేతలు చదవాలి. ఖర్చు కొన్ని కాగితాలు, రెండు చిన్న బహుమతులు. ఆ రెండవనాడు ఎందరు విద్యార్థులు ఏ ఏ మాటలు కొట్టివేస్తారో చూస్తే, తరగతిలో మేము ఏడాది పొడుగునా చెప్పలేనిది వారికి ఒక్క పూటలో తెలిసివస్తుందని మా నమ్మకం.